మహిళల విభాగంలో ఎవరికి అర్హత? ట్రాన్స్‌జెండర్ క్రీడాకారుల వివాదం వెనుక శాస్త్రం, నిబంధనలు

## క్లుప్తంగా

మహిళల పోటీల్లో ట్రాన్స్ మహిళలకు చోటు ఉండాలా అన్న ప్రశ్నకు అంతర్జాతీయ క్రీడా సమాఖ్యలు ఇచ్చే జవాబు 2020 తర్వాత దాదాపు తలకిందులైంది. మొదట పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ మీద పరిమితి ఉండేది, తర్వాత యుక్తవయసు మార్పులు ప్రాతిపదిక అయ్యాయి, ఇప్పుడు జన్యు పరీక్ష వచ్చింది. బలం, వేగం ప్రధానమైన ఆటల్లో అత్యున్నత స్థాయి వరకు ఈ మార్పుకు శరీరధర్మ శాస్త్రంలో ఆధారం ఉంది. అదే నియమాన్ని పిల్లల ఆటలకూ సరదా పోటీలకూ వర్తింపజేయడానికి ఉన్న ఆధారం చాలా పలచన. కొత్త పరీక్షల భారం ట్రాన్స్ మహిళల కంటే ఎక్కువగా, పుట్టుకతోనే లైంగిక వికాసంలో తేడాలున్న క్రీడాకారిణుల మీద పడుతోంది.

## కలగలిసిపోయిన ప్రశ్నలు

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల 66 కిలోల బాక్సింగ్ పోరు ఒకటి 46 సెకన్లలో ముగిసింది. ముఖానికి బలమైన దెబ్బ తగలడంతో ఇటలీ బాక్సర్ ఆంజెలా కరీని బరిలోంచి తప్పుకున్నారు. ఆమె ప్రత్యర్థి, అల్జీరియాకు చెందిన ఇమాన్ ఖెలీఫ్, కొద్ది గంటల్లోనే సామాజిక మాధ్యమాల్లో ‘ట్రాన్స్ బాక్సర్’ అయిపోయారు. ఆ ప్రచారం తప్పు. ఖెలీఫ్ పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, ఆడపిల్లగానే పెరిగి, మొదటి నుంచీ మహిళల విభాగంలోనే పోటీ పడుతున్న వ్యక్తి. ఆమెనూ తైవాన్ బాక్సర్ లిన్ యు-టింగ్‌నూ 2023లో న్యూఢిల్లీ ప్రపంచ చాంపియన్‌షిప్ మధ్యలో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం అర్హత పరీక్షల పేరుతో పక్కన పెట్టిన మాట నిజం. ఆ తర్వాత కొద్ది నెలలకే ఆ సంఘానికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు రద్దు చేసింది. పారిస్‌లో ఇద్దరూ స్వర్ణాలు గెలిచారు, వివాదం మాత్రం ట్రాన్స్‌జెండర్ల ఖాతాలో పడింది.

ఈ చర్చను అర్థం చేసుకోవాలంటే ముందుగా మనుషులను విడదీసి చూడాలి. పుట్టుకతో మగవారిగా నమోదై, తర్వాత స్త్రీలుగా జీవిస్తున్నవారు ట్రాన్స్ మహిళలు. వారిలో అత్యధికులు పురుషుల తరహా యుక్తవయసు మార్పులను దాటి వచ్చినవారే. రెండో వర్గం, డీఎస్‌డీ అని వైద్యులు పిలిచే లైంగిక వికాస భేదాలతో పుట్టిన మహిళలు. వీరిలో కొందరికి సాధారణంగా మగవారిలో ఉండే ఎక్స్‌వై క్రోమోజోములు, శరీరం లోపల వృషణాలు ఉంటాయి, అయినా పుట్టినప్పటి నుంచీ ఆడపిల్లలుగానే పెరుగుతారు. చాలామందికి ఆ సంగతి ఏదో ఒక క్రీడా పరీక్షలో బయటపడే దాకా తెలియనే తెలియదు. మూడో వర్గం ట్రాన్స్ పురుషులు. వీరి గురించి చర్చ దాదాపుగా జరగదు. ఈ మూడు వర్గాల శరీరాలు వేరు, జీవితాలు వేరు. ఒకే నియమం, ఒకే పరీక్ష అందరికీ సరిపోతుందన్న ఊహ దగ్గరే చాలా చిక్కులు మొదలయ్యాయి.

## మహిళలకు వేరే విభాగం ఎందుకు ఏర్పడింది

పురుషుల 100 మీటర్ల ప్రపంచ రికార్డు 9.58 సెకన్లు, మహిళలది 10.49 సెకన్లు. తేడా 10 శాతానికి కాస్త తక్కువ. 800 మీటర్లలో పురుషుల రికార్డు 1 నిమిషం 40.91 సెకన్లు, మహిళలది 1 నిమిషం 53.28 సెకన్లు. ఇక్కడ తేడా 12 శాతం దాటింది. లాంగ్ జంప్‌లో 8.95 మీటర్లు, 7.52 మీటర్లు, అంటే దాదాపు 19 శాతం. శరీరం పైభాగం బలం మీద ఆధారపడే పనుల్లో అంతరం ఇంకా పెరుగుతుంది. పిడిగుద్దు విసిరే కదలికలో పురుషుల సగటు శక్తి మహిళల కంటే 162 శాతం ఎక్కువని అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో కొలిచి చెప్పారు.

ఈ అంతరం పుట్టుకతో ఇంత పెద్దగా ఉండదు. పదేళ్లలోపు ఆడ, మగ పిల్లల పరుగు, ఈత సమయాల్లో తేడా స్వల్పం. యుక్తవయసు రాగానే మగపిల్లల రక్తంలో టెస్టోస్టెరాన్ అనేక రెట్లు పెరుగుతుంది. ఎదిగిన పురుషుల్లో దాని స్థాయి లీటరుకు సుమారు 8 నుంచి 29 నానోమోల్‌ల మధ్య ఉంటే, స్త్రీలలో సాధారణంగా 2 నానోమోల్‌ల లోపే ఉంటుంది. రెండు శ్రేణులూ ఎక్కడా కలవవు. ఆ హార్మోన్ ప్రభావంతో ఎముకలు పొడవుగా, మందంగా పెరుగుతాయి, భుజాలు వెడల్పవుతాయి, కండలు పెరుగుతాయి, గుండె, ఊపిరితిత్తుల పరిమాణం పెద్దదవుతుంది, ప్రాణవాయువును మోసుకెళ్లే హిమోగ్లోబిన్ 12 శాతం దాకా ఎక్కువగా తయారవుతుంది. మహిళలకు ప్రత్యేక విభాగం లేకపోతే ఒలింపిక్స్‌లోని పరుగు, ఈత, బరువుల పోటీల ఫైనల్స్‌లో ఒక్క మహిళ కూడా కనిపించదు. సమాఖ్యల వాదనంతా ఈ పునాది మీదే నిలబడింది. ఈ పునాది గట్టిదేనని ఒప్పుకోకుండా చర్చ ముందుకు సాగదు.

అయితే మహిళల విభాగం ప్రతిచోటా కండబలం లెక్కల మీదే పుట్టలేదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్త్రీ, పురుషులు కలిసి పోటీ పడిన స్కీట్ షూటింగ్‌లో చైనా క్రీడాకారిణి జాంగ్ షాన్ స్వర్ణం గెలిచారు. 1996 అట్లాంటాలో ఆ పోటీని పురుషులకే పరిమితం చేశారు, మహిళల స్కీట్ 2000లో గానీ రాలేదు. గుర్రపుస్వారీలో నేటికీ ఆడ, మగ తేడా లేదు. చదరంగంలో శరీరబలం ప్రసక్తే లేకపోయినా, ప్రపంచ చదరంగ సమాఖ్య 2023 ఆగస్టులో ట్రాన్స్ మహిళలను మహిళల అధికారిక పోటీల నుంచి తాత్కాలికంగా దూరం పెట్టింది. పరుగుపందేనికి పనికొచ్చే వాదనను చదరంగపు బల్ల దగ్గరికి యథాతథంగా మోసుకెళ్లడం కుదరదు.

## టెస్టోస్టెరాన్ తగ్గితే ఏం తగ్గుతుంది, ఏం మిగులుతుంది

వివాదానికి కేంద్రం ఇదే. యుక్తవయసులో పెరిగిన శరీరాన్ని తర్వాత హార్మోన్ చికిత్సతో వెనక్కి తీసుకురాగలమా?

చికిత్స మొదలైన 3, 4 నెలల్లో హిమోగ్లోబిన్ స్త్రీల స్థాయికి పడిపోతుందన్న విషయంలో పరిశోధకుల మధ్య పెద్దగా భేదం లేదు. కండల సంగతి అలా కాదు. ఎమ్మా హిల్టన్, టామీ లండ్‌బర్గ్ 2021లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, 12 నెలల చికిత్స తర్వాత కండలు, బలం తగ్గేది సుమారు 5 శాతమే. పురుషులకూ స్త్రీలకూ మధ్య ఉన్న అసలు అంతరంతో పోలిస్తే ఇది చిన్న భాగం. స్వయంగా ట్రాన్స్ మహిళ, పరుగు క్రీడాకారిణి కూడా అయిన శాస్త్రవేత్త జోఅన్నా హార్పర్ నేతృత్వంలో అదే ఏడాది వచ్చిన మరో సమీక్ష, 3 ఏళ్ల తర్వాత కూడా బలంలో కొంత ఆధిక్యం మిగిలి ఉండవచ్చని తేల్చింది. ఎముకల పొడవు, భుజాల వెడల్పు, ఎత్తు అసలే మారవు.

అమెరికా వైమానిక దళంలో పనిచేసే ట్రాన్స్ సిబ్బంది శారీరక దారుఢ్య పరీక్షల రికార్డులను పరిశీలించి 2020 చివర్లో వెలువరించిన అధ్యయనం ఈ చర్చలో తరచుగా వినిపిస్తుంది. చికిత్సకు ముందు ట్రాన్స్ మహిళలు తోటి మహిళల కంటే ఒక నిమిషంలో 31 శాతం ఎక్కువ పుష్‌అప్స్ చేశారు. రెండేళ్ల చికిత్స తర్వాత ఆ తేడా మాయమైంది. ఒకటిన్నర మైళ్ల పరుగులో మాత్రం రెండేళ్ల తర్వాత కూడా 12 శాతం వేగంగా ఉన్నారు. నిషేధాన్ని సమర్థించేవారు పరుగు లెక్కనూ, వ్యతిరేకించేవారు పుష్‌అప్స్ లెక్కనూ ఉటంకిస్తారు. రెండూ ఒకే పట్టికలోవి. ఒక్కో సామర్థ్యం ఒక్కో తీరులో తగ్గుతుందన్నది ఆ పట్టిక అసలు చెబుతున్న సంగతి.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిధులతో జరిగి 2024లో వెలువడిన మరో అధ్యయనం చిత్రాన్ని ఇంకాస్త జటిలం చేసింది. శిక్షణలో ఉన్న ట్రాన్స్ మహిళల చేతిపట్టు ఇతర మహిళల కంటే బలంగా ఉన్నా, నిలువుగా ఎగిరే సామర్థ్యం, శరీర బరువుతో పోల్చినప్పుడు ప్రాణవాయువును వాడుకునే సామర్థ్యం తక్కువగా తేలాయి. పెద్ద ఎముకల గూడును తగ్గిపోయిన కండలతో మోయాల్సి రావడం దీనికి ఒక కారణం కావచ్చు. అయితే ఆ అధ్యయనం కొద్దిమందిని ఒకే ఒక్కసారి పరీక్షించినది, చికిత్సకు ముందు, తర్వాత పోల్చినది కాదు. ఇలాంటి పరిశోధనలన్నింటికీ ఉన్న లోపం కూడా ఇదే: చాలావరకు క్రీడాకారులు కానివారి మీద జరిగాయి, సంఖ్యలు చిన్నవి, పరిశీలించిన కాలం తక్కువ. వ్యాయామం మానకుండా కఠిన శిక్షణ పొందే వ్యక్తిలో కండలు ఎంత తగ్గుతాయో వాటి నుంచి సూటిగా చెప్పలేం.

ఇంత అనిశ్చితిలోనూ ఒక మాట నమ్మకంగా చెప్పవచ్చు. బలం, వేగం నిర్ణయించే పోటీల్లో ఒలింపిక్ ఫైనల్‌కు చేరినవారి మధ్య తేడా చాలాసార్లు కొద్ది శాతమే. యుక్తవయసు నుంచి మిగిలే ఆధిక్యం అంతకంటే ఎక్కువగా ఉండే అవకాశం గట్టిగా ఉంది. అత్యున్నత స్థాయిలో సమాఖ్యలు కఠినంగా మారడానికి ఈ లెక్క ఒక్కటి చాలు.

## ఆరు దశాబ్దాల పరీక్షల చరిత్ర

మహిళా క్రీడాకారిణుల స్త్రీత్వాన్ని పరీక్షించడం ట్రాన్స్ వివాదంతో మొదలైంది కాదు. 1966లో బుడాపెస్ట్ యూరోపియన్ అథ్లెటిక్స్ పోటీలకు వచ్చిన క్రీడాకారిణులను వైద్యుల బృందం ముందు నగ్నంగా నిలబెట్టి చూశారు. ఆ అవమానం మీద వచ్చిన నిరసనలతో 1968 మెక్సికో ఒలింపిక్స్ నాటికి చెంప లోపలి కణాల్లో రెండో ఎక్స్ క్రోమోజోమును వెతికే ప్రయోగశాల పరీక్షను తెచ్చారు.

ఆ పరీక్ష ఎవరిని పట్టుకుందో తెలుసుకోవాలంటే స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్తినేజ్ పతీన్యో కథ చూడాలి. 1983లో స్త్రీత్వ ధ్రువపత్రం అందుకున్న ఆమె, 1985లో కోబేలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలకు ఆ కాగితం తీసుకెళ్లడం మరిచారు. మళ్లీ పరీక్షించారు, ఎక్స్‌వై క్రోమోజోములని తేలింది. ఆమె శరీరం టెస్టోస్టెరాన్‌కు ఏమాత్రం స్పందించదు, కాబట్టి దాని వల్ల ఆమెకు వీసమెత్తు లాభం లేదు. గాయమైనట్టు నటించి తప్పుకోమన్న సలహాను ఆమె మరుసటి ఏడాది తిరస్కరించి పోటీ చేసి గెలిచారు. వెంటనే వార్త పత్రికలకెక్కింది, ఉపకారవేతనం పోయింది, రికార్డులు తుడిచేశారు. మూడేళ్లు పోరాడి 1988లో అర్హత తిరిగి తెచ్చుకున్నారు, కానీ 1992 ఒలింపిక్స్‌కు చేరే అవకాశాన్ని సెకనులో పదోవంతు తేడాతో కోల్పోయారు.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3,387 మంది మహిళలను పరీక్షిస్తే 8 మందిలో మగ పిండం వికాసానికి తెరతీసే ఎస్‌ఆర్‌వై జన్యువు కనిపించింది. ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. ఈ పరీక్షలు మోసగాళ్లను పట్టింది లేదు, నిర్దోషులను బజారుకీడ్చిందే ఎక్కువన్న నిర్ణయానికి వచ్చిన ఒలింపిక్ కమిటీ 1999లో వాటిని ఆపేసింది. పాతికేళ్ల తర్వాత అదే జన్యువు మళ్లీ తెరమీదికి వచ్చింది.

## ఒలింపిక్ కమిటీ నుంచి సమాఖ్యల చేతికి

ట్రాన్స్ క్రీడాకారుల విషయంలో మొదటి ప్రపంచస్థాయి నియమం 2004లో వచ్చింది. శస్త్రచికిత్స, చట్టపరమైన గుర్తింపు, రెండేళ్ల హార్మోన్ చికిత్స తప్పనిసరి చేశారు. 2015లో శస్త్రచికిత్స షరతును తొలగించి, టెస్టోస్టెరాన్ 12 నెలల పాటు 10 నానోమోల్‌ల లోపు ఉంటే చాలన్నారు. స్త్రీలలో ఉండే గరిష్ఠ స్థాయికి ఇది ఐదింతలు. ఈ అంకెను సమర్థించుకోవడం ఎవరికీ చేతకాలేదు. 2021 నవంబరులో ఒలింపిక్ కమిటీ కొత్త మార్గదర్శకాలు ప్రకటిస్తూ, ట్రాన్స్ క్రీడాకారులకు ఆధిక్యం ఉందని ముందుగానే ఊహించకూడదని, ఏ ఆటకు ఆ ఆట సమాఖ్యే ఆధారాలతో నిర్ణయించుకోవాలని చెప్పి బాధ్యతను వదిలించుకుంది.

సమాఖ్యలు అప్పటికే వేరే దారి పట్టాయి. ఢీకొనడం వల్ల గాయాల ప్రమాదం ఉందంటూ ప్రపంచ రగ్బీ సంఘం 2020 అక్టోబరులో ట్రాన్స్ మహిళలను మహిళల అంతర్జాతీయ పోటీల నుంచి మినహాయించింది. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్‌కు చెందిన ట్రాన్స్ మహిళ, వెయిట్‌లిఫ్టర్ లారెల్ హబ్బర్డ్ మూడు స్నాచ్ ప్రయత్నాల్లోనూ విఫలమై పతకం దరిదాపులకు రాలేదు, కానీ ఆమె బరిలో ఉండడమే పెద్ద వార్త అయింది. 2022 మార్చిలో అమెరికా కళాశాలల ఈతపోటీల్లో ట్రాన్స్ మహిళ లియా థామస్ 500 గజాల ఫ్రీస్టైల్ గెలవడంతో వాతావరణం మారిపోయింది. ఆమె సమయం 4 నిమిషాల 33.24 సెకన్లు, అమెరికా ఈత తార కేటీ లెడెకీ రికార్డు కంటే 9 సెకన్లు వెనుక. అదే పోటీల్లో 200 గజాల్లో ఐదో స్థానం పంచుకున్నారు, 100 గజాల్లో ఎనిమిదో స్థానంతో సరిపెట్టుకున్నారు. పురుషుల విభాగంలో ఆమెకు జాతీయస్థాయి విజయం ఎన్నడూ లేదన్నది ఒక పక్షం వాదన, మిగతా రెండు పోటీల్లో ఇతర మహిళలే ఆమెను ఓడించారన్నది మరో పక్షం వాదన.

మూడు నెలలకే అంతర్జాతీయ ఈత సమాఖ్య కొత్త నియమం తెచ్చింది: పురుష యుక్తవయసు మార్పులు తొలిదశ దాటకముందే ఆగిపోయిన ట్రాన్స్ మహిళలకే మహిళల విభాగంలో అర్హత. 2023 మార్చిలో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య, జులైలో సైక్లింగ్ సమాఖ్య, నవంబరులో అంతర్జాతీయ క్రికెట్ మండలి అదే బాట పట్టాయి. క్రికెట్ నిర్ణయానికి రెండు నెలల ముందే కెనడా తరఫున డానియెల్ మెగాహీ టీ20 అర్హత పోటీల్లో ఆడి, అంతర్జాతీయ క్రికెట్ ఆడిన తొలి ట్రాన్స్ మహిళ అయ్యారు. ఆ నిర్ణయంతో ఆమె అంతర్జాతీయ ప్రస్థానం అక్కడే ఆగింది.

యుక్తవయసు ప్రాతిపదికలో ఒక వలయం దాగి ఉంది. ఆ మార్పులు రాకముందే మందులతో ఆపినవారికి తలుపు తెరిచే ఉందని సమాఖ్యలు అంటాయి. కానీ మైనర్లకు ఆ మందులను అమెరికాలోని అనేక రాష్ట్రాలు నిషేధించాయి, టెనెసీ రాష్ట్ర నిషేధాన్ని 2025 జూన్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు సమర్థించింది. బ్రిటన్ కూడా 2024 డిసెంబరులో నిరవధిక నిషేధం విధించింది. ఆ దేశాల్లో పెరిగే పిల్లలకు క్రీడా నియమం చూపే ఏకైక దారి చట్టం దగ్గర మూసుకుపోయింది. ఇకపై వీటిని వేరువేరు అంశాలుగా చర్చించడంలో అర్థం లేదు.

## జన్యు పరీక్ష ఎవరి మీద పడుతోంది

2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య ఎస్‌ఆర్‌వై పరీక్షను తప్పనిసరి చేసింది. చెంప లోపల దూదిపుల్లతో తీసిన నమూనాతో గానీ, రక్తంతో గానీ, జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. జన్యువు ఉందని తేలితే మహిళల ప్రపంచస్థాయి పోటీలకు అర్హత ఉండదు. టెస్టోస్టెరాన్‌కు శరీరం పూర్తిగా స్పందించనివారికి, అంటే పతీన్యో లాంటివారికి, మినహాయింపు ఇచ్చారు. గతం నుంచి సమాఖ్య నేర్చుకున్న పాఠంగా దీన్ని గుర్తించాలి.

అయినా పరీక్ష పరిమితులు అలాగే ఉన్నాయి. ఎస్‌ఆర్‌వై జన్యువును 1990లో గుర్తించిన పరిశోధనకు నాయకత్వం వహించినవారిలో ఒకరైన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఆండ్రూ సింక్లెయిర్ స్వయంగా ఈ వాడకాన్ని వ్యతిరేకించారు. జన్యువు ఉందో లేదో మాత్రమే పరీక్ష చెబుతుంది, అది పనిచేస్తోందా, వృషణాలు ఏర్పడ్డాయా, టెస్టోస్టెరాన్ తయారవుతోందా, దాన్ని శరీరం వాడుకుంటోందా అన్నవి చెప్పదని ఆయన వాదన. సమాఖ్య దృష్టిలో ఇది తొలి వడపోత మాత్రమే, ఆ తర్వాత వైద్య పరీక్షలు ఉంటాయి. ప్రయోగశాలలు, జన్యు సలహాదారులు అందుబాటులో ఉన్న దేశంలో ఆ తర్వాతి మెట్టు సాఫీగా సాగవచ్చు. లేని దేశాల్లో తొలి వడపోతే తుది తీర్పయ్యే ప్రమాదం ఉంది.

ఆచరణలో ఏమవుతుందో బాక్సింగ్ చూపించింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు జన్యు పరీక్ష తప్పనిసరి చేశారు. ఫ్రాన్స్ చట్టం ఇలాంటి జన్యు పరీక్షలను అనుమతించదు కాబట్టి నమూనాలను వేరే చోట పరీక్షించాల్సి వచ్చింది. ఫలితాలు గడువులోగా అందక ఫ్రాన్స్ మహిళా బాక్సర్ల బృందం మొత్తం పోటీకి దూరమైంది. వారి అర్హత మీద ఎవరికీ సందేహం లేదు, కాగితం మాత్రం సమయానికి రాలేదు.

డీఎస్‌డీ మహిళల సంగతి ఇంకా బరువైనది. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచిన భారత క్రీడాకారిణి శాంతి సౌందరరాజన్ పతకాన్ని పరీక్ష తర్వాత లాక్కున్నారు. 2014లో టెస్టోస్టెరాన్ పరిమితి నియమం కింద భారత పరుగు క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ను గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు వెళ్లనీయలేదు. ఆమె క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లి, టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉండడం వల్ల ఎంత లాభమో చూపండని నిలదీయగా, తగిన ఆధారం లేదంటూ 2015 జులైలో ఆ నియమాన్ని నిలిపేశారు. 2018లో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 400 మీటర్ల నుంచి మైలు వరకు పోటీలకే పరిమితం చేస్తూ 5 నానోమోల్‌ల హద్దుతో తిరిగి తెచ్చింది. దక్షిణాఫ్రికా పరుగు క్రీడాకారిణి కాస్టర్ సెమెన్యా దాన్ని సవాలు చేస్తే, నియమం వివక్షతో కూడినదే అయినా మహిళల విభాగం రక్షణకు అవసరమంటూ 2019లో 2-1 మెజారిటీతో తీర్పు వచ్చింది. 2016 రియోలో 800 మీటర్ల పతకాలు గెలిచిన ముగ్గురూ ఈ నియమం పరిధిలోకి వచ్చినవారే. కాబట్టి డీఎస్‌డీ ప్రభావం కల్పితమని కొట్టిపారేయలేం. అదే సమయంలో, అర్హత కోసం ఆరోగ్యవంతమైన శరీరం మీద చేసిన జోక్యాలనూ మరవలేం: వర్ధమాన దేశాల గ్రామీణ ప్రాంతాల నుంచి వచ్చిన 18 నుంచి 21 ఏళ్ల వయసున్న నలుగురు క్రీడాకారిణులకు వృషణాలు తొలగించడమే కాక, ఆటతో ఏ సంబంధమూ లేని జననాంగ శస్త్రచికిత్స కూడా చేసినట్టు ఫ్రాన్స్ వైద్యులు 2013లో వైద్య పత్రికలో రాసుకున్నారు. నియమం రాసేవారు ముందుగా చదవాల్సిన పత్రం అదే.

## పిల్లల ఆటలు, సరదా పోటీలు

ఒలింపిక్ ఫైనల్‌కు రాసిన నియమం పాఠశాల మైదానానికి దిగినప్పుడు దాని వెనుకున్న తర్కం సగం దారిలోనే ఆగిపోతుంది. అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాలు పాఠశాల స్థాయిలోనే ట్రాన్స్ బాలికలను బాలికల జట్లకు దూరం పెట్టాయి. 2025 ఫిబ్రవరి 5న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వు నిధుల కోతను ఆయుధంగా చేసి అదే విధానాన్ని విద్యాసంస్థలన్నింటికీ విస్తరించింది. మరునాడే కళాశాల క్రీడల సంఘం నియమం మార్చుకుంది. ఆ సంఘం అధ్యక్షుడు చార్లీ బేకర్ అంతకు రెండు నెలల ముందు సెనేట్‌కు చెప్పిన లెక్క ప్రకారం, 5,10,000 మంది కళాశాల క్రీడాకారుల్లో తనకు తెలిసి ట్రాన్స్‌జెండర్లు పది మంది లోపే. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ సంఘం 2025 జూన్ 1 నుంచి నిషేధం విధించినప్పుడు నమోదైన ట్రాన్స్ మహిళలు 20 మంది, అంతా ఔత్సాహికులే.

సంఖ్య చిన్నదన్న కారణంతో సమస్య లేదనడం కుదరదు. ఒక్క ఫైనల్ స్థానం కోల్పోయిన అమ్మాయికి జాతీయ గణాంకాలు ఓదార్పు కావు. కానీ యుక్తవయసుకు ముందున్న పిల్లల్లో తేడా స్వల్పమని శాస్త్రం చెబుతున్నప్పుడు, 8 ఏళ్ల పాపను స్నేహితురాళ్ల జట్టులోంచి తీసేయడానికి న్యాయమైన పోటీ పేరు చెప్పడం సబబుగా లేదు. ఆ వయసులో ఆట ఉద్దేశం పతకం కాదు. ఆదివారం సరదాగా ఆడుకునే పెద్దల జట్లకూ చాలావరకు ఇదే వర్తిస్తుంది, ఢీకొనే ఆటల్లో గాయాల ప్రశ్న ఒక్కటే అక్కడ విడిగా చూడాల్సినది.

మరో దుష్ఫలితం ఇప్పటికే కనిపిస్తోంది. జుట్టు పొట్టిగా ఉందనో, ఎత్తుగా ఉందనో, గెలుస్తోందనో అనుమానించి ట్రాన్స్ కాని బాలికల మీద కూడా ఫిర్యాదులు చేయడం మొదలైంది. ఏ నియమానికైనా ఫిర్యాదు ఎవరు చేయవచ్చు, రుజువు ఎవరు చూపాలి అన్న నిబంధనలు అసలు నిషేధమంత ముఖ్యం. వాటి మీద చర్చ చాలా తక్కువగా జరుగుతోంది.

## ట్రాన్స్ పురుషులు, బహిరంగ విభాగం

పుట్టుక ధ్రువపత్రమే ప్రమాణం అయితే ఏమవుతుందో 2017లో టెక్సస్‌లో కనిపించింది. టెస్టోస్టెరాన్ చికిత్స పొందుతున్న ఒక ట్రాన్స్ బాలుడు తాను బాలురతోనే కుస్తీ పడతానన్నా, రాష్ట్ర నియమం అంగీకరించలేదు. బాలికల విభాగంలో దించారు, అతను రాష్ట్ర విజేత అయ్యాడు. ఓడిన బాలికలకూ గెలిచిన అతనికీ ఇద్దరికీ అన్యాయం చేసిన నియమం అది.

అందరికీ తెరిచిన మూడో విభాగం పెడితే సరిపోతుందని చాలామంది సూచిస్తారు. ఈత సమాఖ్య 2023లో బెర్లిన్ ప్రపంచకప్‌లో దాన్ని ప్రయత్నించింది. ఒక్క దరఖాస్తు కూడా రాలేదు. ప్రపంచస్థాయిలో ట్రాన్స్ ఈతగాళ్లే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వారు ఒక్కో దూరంలో, ఒక్కో ఈత పద్ధతిలో చీలిపోతే పోటీకి ఇద్దరు కూడా మిగలరు. పైగా ఆ వరుసలో నిలబడడమంటే తన వైద్య చరిత్రను లోకమంతటికీ చాటడమే. పెద్ద సంఖ్యలో జనం పాల్గొనే రహదారి పరుగుల్లో ఇలాంటి విభాగం నడవవచ్చు, ఎందుకంటే అక్కడ ఎవరి పరుగు వారిది.

## ఇకపై ఏం జరగవచ్చు

న్యాయస్థానాలు ఇప్పటిదాకా నియమాల సారం కంటే పద్ధతి మీదే ఎక్కువగా మాట్లాడాయి. లియా థామస్ వేసిన కేసును క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2024 జూన్‌లో కొట్టేసింది, ఆమెకు ఆ నియమాన్ని సవాలు చేసే హోదా లేదన్న కారణంతో. సెమెన్యా విషయంలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2025 జులైలో, స్విట్జర్లాండ్ కోర్టు ఆమె వాదనను కావలసినంత లోతుగా పరిశీలించలేదని తేల్చింది, వివక్ష ప్రశ్న జోలికి మాత్రం వెళ్లలేదు. క్రీడా సంస్థల్లో చాలావాటి కేంద్రాలు స్విట్జర్లాండ్‌లోనే ఉన్నాయి కాబట్టి ఈ తీర్పు ప్రభావం చిన్నది కాదు. ఇకపై జన్యు నియమాన్ని సవాలు చేసే క్రీడాకారిణి కనీసం పూర్తి విచారణను హక్కుగా అడగగలదు.

ఒలింపిక్ కమిటీ వైఖరి కూడా మారింది. 2025 జూన్‌లో అధ్యక్ష పదవి చేపట్టిన కిర్స్టీ కొవెంట్రీ, స్వయంగా ఈతలో ఒలింపిక్ విజేత, మహిళల విభాగం రక్షణ కోసం అదే ఏడాది ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేశారు. సమాఖ్యలకు వదిలేసిన అధికారం తిరిగి కేంద్రం చేతికి వెళ్లే దిశ ఇది. ఒకే నియమం ఉంటే గందరగోళం తగ్గుతుంది. కానీ విలువిద్యకూ రగ్బీకీ, ఈతకూ షూటింగ్‌కూ మధ్య ఉన్న తేడాలను ఆ ఒకే నియమం చెరిపేయకుండా చూడడం కష్టమైన పని.

పరిశోధన మీద పడే ప్రభావం గురించి తక్కువగా మాట్లాడుకుంటున్నారు. ఏ ఆటలో ఎంత ఆధిక్యం ఎంతకాలం మిగులుతుందో తేలాలంటే, శిక్షణలో ఉన్న ట్రాన్స్ మహిళలను చికిత్సకు ముందు నుంచి మొదలుపెట్టి ఏళ్ల తరబడి కొలవాలి. అలాంటివారు మొదటి నుంచీ కొద్దిమందే. పోటీకి దారి మూసుకుపోయాక వారిలో చాలామంది శిక్షణ మానేస్తారు, కొలవడానికి మనుషులు మిగలరు. కొత్త ఆధారాలు వస్తే నియమాలను సమీక్షిస్తామని పలు సమాఖ్యలు తమ ప్రకటనల్లో రాసుకున్నాయి. ఆ మాట నిలబడాలంటే ఆ సమాఖ్యలే ముందుకొచ్చి నిధులు ఇవ్వాలి, అర్హత లేకపోయినా శిక్షణలో కొనసాగే క్రీడాకారిణులను అధ్యయనాల్లో చేర్చుకోవాలి, ఫలితాలు ఎటు వచ్చినా బయటపెట్టాలి.